మూలపడిన వాల్వు సెట్టు – మన గిటారు

డప్పు పక్కన గిటారు వాయిస్తే గిటారు వినపడదు. ఇందులో వాయించేవాడి తప్పేమీ లేదు. డప్పు ఆరుబయట పది వీధులకు వినపడటానికి పుట్టిన వాయిద్యం. గిటారు నాలుగు గోడల మధ్య పాడుకోవడానికి పుట్టింది. మన హాస్టల్లో చదివి, ఇప్పుడు చర్చిలోనో, అంబేద్కర్ జయంతి సభల్లోనో, పెళ్ళి బ్యాండులోనో గిటారు పట్టిన ప్రతి ఒక్కరికీ ఈ ఇబ్బంది తెలుసు. దీనికి యాంప్లిఫయర్ కావాలి. కొత్తది, పేరున్నది కొందామంటే ధర చూసి వెనక్కి రావలసిందే.

అలాంటప్పుడు మన ఊళ్ళలోనే ఒక దారి ఉంది. ఒకప్పటి మైకు సెట్టు వాళ్ళ ఇళ్ళల్లో, అటకల మీద, గుజిరీ అంగళ్ళలో పాత వాల్వు యాంప్లిఫయర్లు ఇంకా దొరుకుతున్నాయి. పూర్వ విద్యార్థులం నలుగురం కలిసి అలాంటిదొకటి కొన్నాం. బాగు చేయించాం. దానిమీద గిటారు వాయిస్తున్నాం. అది చూసిన తమ్ముళ్ళు చాలామంది "అన్నా, మేమూ కొనొచ్చా? ఏం చూసి కొనాలి?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్లు ఉంటుందని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇందులో డబ్బు సంగతి ఉంది, ప్రాణం సంగతి కూడా ఉంది. కనుక చివరిదాకా చదవండి.

దండోరా నుంచి మైకు దాకా

గుత్తి – పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర బండలమీద అశోకుని శాసనాలున్నాయి. మన పత్తికొండ మండలం రాజుల మందగిరిలోనూ ఒకటి ఉంది. ఎర్రగుడి శాసనంలో ఒక మాట మనకు సంబంధించినది. రాజు ఆజ్ఞను రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదానికి తెలపాలని అందులో ఉంది. అంటే రెండు వేల రెండు వందల ఏండ్ల కిందటే మన ప్రాంతంలో పదిమందికి మాట చేర్చాలంటే తోలు వాయిద్యమే దిక్కు. ఆ తరువాతి కాలంలో ఊరి దండోరా వేసే పని మన పెద్దల మీద పడింది. వాయిద్యం మనది, చెప్పే మాట మాత్రం వేరేవాళ్ళది.

తరువాత మైకు వచ్చింది. తిరునాళ్ళకు, పద్యనాటకాలకు, భజనలకు, ఎన్నికలకు మైకు లేనిదే పని జరగని కాలం వచ్చింది. ఆ మైకు సెట్టులో గుండెకాయ లాంటిది యాంప్లిఫయర్. 1940లో మొదలైన ఢిల్లీ వాళ్ళ అహూజా పేరు మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. అవి కాక, పట్నాల్లో రేడియో మెకానిక్కులు సొంతంగా జోడించి అమ్మిన పేరులేని సెట్లూ ఉండేవి. బెంగళూరులో 1954లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 నుంచి ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వులు తయారుచేసింది. దానివల్ల వాల్వుల కోసం విదేశాలవైపు చూడవలసిన అవసరం తగ్గింది.

అయితే 1970ల నుంచి ట్రాన్సిస్టర్ సెట్లు మెల్లగా వాల్వు సెట్లను పక్కకు నెట్టాయి. ట్రాన్సిస్టర్ సెట్టు తేలిక. కరెంటు లేని ఊరిలో 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. స్విచ్ వేయగానే పలుకుతుంది. మైకు సెట్టు వాళ్ళు వాల్వు సెట్లను మూలన పెట్టడం న్యాయమే. మనిషి మాటకు ట్రాన్సిస్టర్ చాలు. కానీ గిటారు దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు వాల్వు పనిచేసే తీరు తెలియాలి.

వాల్వు అంటే ఏమిటి?

బోరుబావి దగ్గర గేటు వాల్వు అందరం చూశాం. చేతితో చక్రాన్ని కొంచెం తిప్పితే లోపల పెద్ద నీటి ధార తగ్గుతుంది, పెరుగుతుంది. తిప్పడానికి పట్టే బలం చిన్నది, అదుపయ్యే ధార పెద్దది. రేడియో వాల్వు కూడా అంతే. నీటికి బదులు ఎలక్ట్రాన్లు, చక్రానికి బదులు గ్రిడ్.

గాలి తీసేసిన గాజు బుడ్డిలో మధ్యన కాథోడ్ ఉంటుంది. దాని లోపలి హీటర్ తీగ ఎర్రగా కాలి కాథోడ్‌ను వేడి చేస్తుంది. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటుకు 250, 300 వోల్టుల ధన విద్యుత్తు ఇస్తే అవి అటు పరుగెత్తుతాయి. దారిలో సన్నని తీగలతో చుట్టిన గ్రిడ్ ఉంటుంది. గిటారు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను ఈ గ్రిడ్‌కు ఇస్తే, ఆ ఎలక్ట్రాన్ల ధార సిగ్నల్‌కు తగినట్లు ఎగిసిపడుతుంది. చిన్న అల పెద్ద అల అవుతుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు భాగాల వాల్వును తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో గ్రిడ్ చేర్చాడు. ఇంగ్లండు వాళ్ళు దీనిని వాల్వు అన్నారు, అమెరికా వాళ్ళు ట్యూబు అన్నారు. రెండూ ఒకటే. 1947లో బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టర్ పుట్టేదాకా రేడియో, టెలిఫోన్, సినిమా హాలు అన్నీ దీనిమీదే నడిచాయి.

స్విచ్ వేయగానే వాల్వు సెట్టు పలకదు. కాథోడ్ కాగడానికి అర నిమిషం దాకా పడుతుంది. ఇంట్లో పాత వాల్వు రేడియో ఉన్న పెద్దవాళ్ళను అడగండి, వార్తలకు ముందే రేడియో వేసి పెట్టేవాళ్ళమని చెబుతారు. డప్పును మంట సెగకు కాచి, ఆ తరువాత దెబ్బ వేస్తాం కదా. వాల్వుకూ సెగ కావాలి.

గిటారుకు వాల్వే ఎందుకు?

యాంప్లిఫయర్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి సిగ్నల్ ఇస్తే అల పైభాగం నరికినట్లవుతుంది. దీనినే డిస్టార్షన్ అంటారు. చాలా ట్రాన్సిస్టర్ సెట్లు హద్దు దాకా శుభ్రంగా పలికి, దాటగానే ఒక్కసారిగా నరుకుతాయి. చెవికి అది గరగరమని వినిపిస్తుంది. వాల్వు సెట్టు హద్దు దగ్గరపడే కొద్దీ అలను మెల్లగా ఒత్తుతుంది. అప్పుడు అసలు స్వరానికి రెండింతలు, మూడింతల వేగంతో కంపించే తోడు స్వరాలు పుడతాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. మెల్లగా మీటితే శుభ్రమైన ధ్వని వస్తుంది, గట్టిగా మీటితే గొంతు బరువెక్కుతుంది. యాంప్లిఫయర్ మన వేళ్ళకు జవాబు చెబుతున్నట్లు ఉంటుంది.

ఉపన్యాసానికి ఈ గుణం అక్కరలేదు, అడ్డం కూడా. కీబోర్డుకూ అక్కరలేదు. గిటారుకు మాత్రం ఇదే ప్రాణం. పాతదంతా మంచిదని మేము అనడం లేదు. ఏ పనికి ఏది సరిపోతుందో అది మంచిది.

ఇంకొక సంగతి. ప్రపంచంలో పేరుపొందిన గిటారు యాంప్లిఫయర్లు కూడా ఇలాంటి చిన్న అంగళ్ళలోనే పుట్టాయి. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ రేడియో రిపేరు అంగడి నడిపినవాడు. లండన్‌లో జిమ్ మార్షల్ డ్రమ్ములు నేర్పుతూ, డ్రమ్ముల అంగడి పెట్టుకున్నవాడు. 1962లో ఫెండర్ వారి బాస్‌మన్ అనే యాంప్లిఫయర్‌ను నమూనాగా తీసుకుని ఆయన అంగడివాళ్ళు తమ మొదటి యాంప్లిఫయర్‌ను కట్టారు. వాటిలో వాడిన వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్ల కుటుంబానికి చెందినవే మన మైకు సెట్లలోనూ ఉన్నాయి. పేరు పలక వేరు, మూల సూత్రం ఒకటే.

1964లో ఇంగ్లండులో కింక్స్ అనే బృందం 'యూ రియల్లీ గాట్ మీ' అనే పాటను రికార్డు చేసింది. అందులో గిటారు ధ్వని అప్పట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. గిటారు వాయించిన డేవ్ డేవీస్ వాడినది ఎల్పికో అనే చిన్న చవక యాంప్లిఫయర్. పెద్దగా ఎవరికీ తెలియని సెట్టు. దాని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి ఆ ధ్వని తెప్పించాడు. ఆ పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి చేరింది. తమ్ముళ్ళు స్పీకరు కోయవద్దు. పేరులేని పెట్టెలో కూడా గొంతు ఉంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మన తెలుగువారిలో మాండలిన్ శ్రీనివాస్ ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టి 2014లో కన్నుమూశారు. మాండలిన్ తంతి మీటిన క్షణంలోనే ధ్వని ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలోని గమకాలకు స్వరం నిలబడాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తంతులకు బదులు ఐదు ఒంటి తంతులు పెట్టుకుని, చిన్నతనంలోనే కచేరీలు చేశారు. యాంప్లిఫయర్ అంటే శబ్దం పెంచే యంత్రం మాత్రమే కాదని, వాయిద్యంలో అది కూడా ఒక భాగమని దీనివల్ల తెలుస్తుంది.

వాల్వు పేరు చదవడం

సెట్టు కొనబోయే ముందు వాల్వుల పేర్లు చదవడం నేర్చుకోవాలి. యూరోపు పద్ధతిలో పేరులోనే అర్థం ఉంటుంది. మొదటి అక్షరం హీటర్ గురించి చెబుతుంది. 'ఈ' అంటే 6.3 వోల్టులు. తరువాతి అక్షరాలు లోపలేముందో చెబుతాయి. 'సీ' అంటే ట్రయోడ్, 'ఎల్' అంటే స్పీకరును నడిపే పవర్ వాల్వు, 'జెడ్' అంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్.

ఇప్పుడు 'ఈసీసీ 83' చదవండి. 6.3 వోల్టుల హీటర్, ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. దీనినే అమెరికా పద్ధతిలో 12ఏఎక్స్7 అంటారు. గిటారు యాంప్లిఫయర్లలో మొదటి వాల్వు చాలావరకు ఇదే. 'ఈఎల్ 84' చిన్న పవర్ వాల్వు, ఒక జతకు సుమారు 15 వాట్లు వస్తాయి. 'ఈఎల్ 34', '6ఎల్6' పెద్దవి, జతకు 30 నుంచి 50 వాట్లు. నెత్తిమీద టోపీలాంటి కనెక్షన్ ఉన్న '807' కూడా పాత మైకు సెట్లలో కనిపిస్తుంది. ఆ టోపీ మీద వందల వోల్టులుంటాయి, కనుక వేలు పెట్టరాదు.

పేరు 'యూ'తో మొదలైతే ఆగండి. యూఎల్ 84, యూవై 85 లాంటి వాల్వులు ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ రేడియోలలో వాడారు. వాటిలో ఇనుప చాసిస్‌కే నేరుగా మెయిన్స్ కరెంటు వచ్చే అవకాశం ఉంది. అలాంటి రేడియోకు గిటారు తగిలిస్తే తంతులకు 230 వోల్టులు రావచ్చు. పాత రేడియోను గిటారు యాంప్లిఫయర్‌గా మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే, మొదట ఈ అక్షరం చూడండి. 'యూ' కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

కొనేటప్పుడు చూడవలసినవి

మా సెట్టుకు పేరు పలక లేదు. పాత మైకు సెట్టు ఆయన దగ్గర 3,500 రూపాయలకు కొన్నాం. బాగు చేయించడానికి, స్పీకరుకు, పెట్టెకు అంతకంటే ఎక్కువే అయింది. కనుక చేతిలో ఉన్న డబ్బంతా సెట్టు కొనడానికే పెట్టవద్దు. సగం దాచి పెట్టండి. చూడవలసినవి ఇవి:

1. బరువు. సెట్టులో రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉండాలి. ఒకటి మెయిన్స్‌ది, ఒకటి స్పీకరుది (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్). వాల్వులు, కెపాసిటర్లు మళ్ళీ కొనవచ్చు. ఈ రెండూ కాలిపోయి ఉంటే సెట్టులో మిగిలింది ఇనుప డబ్బా మాత్రమే. కాలిన వాసన వస్తుందేమో ముక్కు పెట్టి చూడండి. ప్లగ్గు తీసి, మెకానిక్కుతో మీటరు పెట్టించి చుట్లు తెగాయేమో చూడండి. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్ పీకి అమ్మిన సెట్లు గుజిరీలో చాలా ఉంటాయి.

2. వాల్వు గాజు. లోపల పైభాగంలో వెండిలా మెరిసే పూత ఉంటే మంచిది. ఆ పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్లు. ఆ వాల్వు పనికిరాదు.

3. ఫ్యూజు. చాలా సెట్లలో ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంటుంది. అలా ఉందంటే ఒకప్పుడు ఫ్యూజు మాటిమాటికీ పోయిందని అర్థం. ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొనవద్దు.

4. కెపాసిటర్లు. ఉబ్బినవి, జిగురు కారినవి మార్చవలసిందే. చూడటానికి బాగున్నా, నలభై యాభై ఏండ్ల నాటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను నమ్మరాదు. సెట్టు 'గుయ్' మని మోగుతుంటే ఎక్కువ భాగం కారణం ఇవే.

5. వెనక స్పీకరు కనెక్షన్లు. 4, 8, 16 ఓమ్‌లని రాసి ఉంటే మనకు అనుకూలం. 100 వోల్టుల లైన్ మాత్రమే ఉంటే అది దూరదూరంగా కట్టే హారన్ల కోసం చేసినది. 30 వాట్ల సెట్టులో 100 వోల్టుల లైన్ అంటే సుమారు 333 ఓమ్‌లు (100 × 100 ÷ 30). అక్కడ 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే శబ్దం సరిగా రాదు, వాల్వులు వేడెక్కి చెడతాయి. దానికి లైన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయించాలి.

6. ఎలుకలు. నవ్వకండి. అటకమీది సెట్టులో మొదట కొరికేది తీగల పైపొరను. వెనక పలక తీయించి టార్చి వేసి చూడండి.

"మొన్నటిదాకా పాడింది" అనే మాటమీద ధర కట్టవద్దు. ఏండ్ల తరబడి మూలన ఉన్న సెట్టును అమ్మేవాడు మన ముందే నేరుగా ప్లగ్గులో పెట్టి చూపిస్తానంటే వద్దనండి. ఎండిపోయిన కెపాసిటర్ అప్పుడే పేలవచ్చు, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.

మొదటిసారి కరెంటు ఇచ్చే పద్ధతి మెకానిక్కులకు తెలుసు. సెట్టుకు వరుసలో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెడతారు. దీనినే సీరీస్ బల్బు అంటారు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే లోపల పెద్ద షార్టు లేదని నమ్మవచ్చు. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టు ఉంది, వెంటనే ఆపాలి. పది రూపాయల బల్బు వేల రూపాయల ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడుతుంది.

ప్రాణం ముందు, పాట తరువాత

తమ్ముళ్ళు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. గోడలోని కరెంటు 230 వోల్టులు. వాల్వు సెట్టు లోపల 300 నుంచి 450 వోల్టులు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. అది డీసీ. పైగా ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలిచి ఉండవచ్చు. ప్లగ్గు తీశాం కదా అని లోపల చేయి పెట్టడం ప్రాణానికే ముప్పు.

కనుక సెట్టు విప్పే పని వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్కుదే. ఆయన కెపాసిటర్లను రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసి, అప్పుడు పని మొదలుపెడతాడు. పరీక్షించేటప్పుడు ఒక చేయి వెనక్కి పెట్టుకుంటాడు. రెండు చేతుల మధ్య కరెంటు పోతే దారిలో గుండె ఉంటుంది.

పాత సెట్లకు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మొట్టమొదట చేయించవలసిన పని మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, ఎర్తు తీగను చాసిస్‌కు గట్టిగా బిగించడం. కానీ గోడలోని సాకెట్‌కు నిజంగా ఎర్తు ఉందా? మన పల్లెల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. గిటారు తంతులు, జాక్, చాసిస్ అన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. చాసిస్‌కు కరెంటు వస్తే అది మన వేళ్ళ కిందికే వస్తుంది. గిటారు పట్టుకుని మైకుకు పెదవి తగిలినప్పుడు చిర్రుమంటే "చిన్న షాకే కదా" అని పాట కొనసాగించవద్దు. అక్కడికక్కడే ఆపి ఎర్తు చూడండి. తడి నేలమీద, చెప్పులు లేకుండా వాయించవద్దు.

స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టు వేయరాదు. ట్రాన్సిస్టర్ సెట్టుకు ఇది పెద్ద ప్రమాదం కాదు. వాల్వు సెట్టులో మాత్రం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా లేచి చుట్లు కాలిపోవచ్చు. ముందు స్పీకరు, తరువాత స్విచ్. ఆపేటప్పుడు ముందు స్విచ్, తరువాత స్పీకరు.

సెట్టు నడుస్తుండగా వాల్వులో సన్నని నారింజరంగు వెలుగు మామూలే. బయటి ప్లేటు లోహమే ఎర్రగా కాలుతుంటే మాత్రం వెంటనే ఆపాలి. సాధారణంగా దాని వెనకున్న చిన్న కెపాసిటర్ కారడం దీనికి ఒక కారణం.

మైకు సెట్టును గిటారుకు తగినట్లు మార్చడం

మైకు సెట్టు మనిషి గొంతు కోసం చేసినది. గిటారుకు పనికిరావాలంటే చిన్న మార్పులు చాలు. మొదటిది ఇన్‌పుట్. గిటారు పికప్‌లో వేల చుట్ల సన్నని తీగ ఉంటుంది, దానికి ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి. 1 మెగాఓమ్ ఉంటే మంచిది. తక్కువ ఇంపెడెన్స్ మైకు రంధ్రంలో పెడితే గిటారు గుడ్డ కప్పినట్లు పలుకుతుంది. మెకానిక్కు ఒక రెసిస్టరు, ఒక జాక్ పెట్టి ఇది సరిచేస్తాడు.

రెండవది స్పీకరు. హారన్‌లో గిటారు వాయించి "వాల్వు సెట్టు బాగాలేదు" అనుకునేవాళ్ళున్నారు. గిటారు లావు తంతి సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. హారన్ అంత మందర స్వరాన్ని పలకలేదు. 12 అంగుళాల కాగితపు కోను స్పీకరు కావాలి. యాంప్లిఫయర్ వాట్ల కంటే స్పీకరు వాట్లు రెండింతలు ఉంటే నిశ్చింత. గట్టి చెక్కతో, వెనక సగం తెరిచిన పెట్టె వడ్రంగితో చేయించుకోవచ్చు.

మూడవది గిటారు. మామూలు చెక్క గిటారుకు తంతుల కింద బిగించే అయస్కాంత పికప్ పెట్టవచ్చు. దానికి ఉక్కు తంతులే ఉండాలి, నైలాన్ తంతులకు అయస్కాంతం పనిచేయదు. చెక్క గిటారును స్పీకరుకు ఎదురుగా పెడితే కూత వస్తుంది, కొంచెం పక్కకు నిలబడాలి.

వాల్వులు దొరుకుతాయా అని చాలామంది అడుగుతారు. మన దేశంలో రేడియో వాల్వుల తయారీ ఎప్పుడో నిలిచిపోయింది. స్లొవేకియా, రష్యా, చైనా దేశాలలో గిటారు వాయించేవాళ్ళ కోసమే ఇంకా తయారుచేస్తున్నారు. ఈసీసీ 83, ఈఎల్ 84, ఈఎల్ 34, 6ఎల్6 కొత్తవి దొరుకుతాయి. పాత సామాను కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ వెతకవచ్చు. అరుదైన వాల్వులున్న సెట్టు చవకగా వచ్చినా కొనవద్దు. వాల్వు పోయిన రోజు సెట్టు కూడా పోయినట్లే.

వాయించడం

సెట్టు వేసి రెండు నిమిషాలు కాగనివ్వండి. టోన్ బిరడాలు మధ్యలో పెట్టండి. గిటారు మీది వాల్యూమ్ పూర్తిగా తెరిచి, సెట్టు వాల్యూమ్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ ఒకే తీగను ఒకే బలంతో మీటండి. ఒకచోట ధ్వని లావెక్కడం మొదలవుతుంది. ఆ గుర్తు దగ్గర బిరడాను ఉంచండి. ఇక సెట్టు ముట్టుకోనక్కర లేదు. గిటారు వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రమైన ధ్వని, పెంచితే బరువైన ధ్వని. మిగిలిందంతా వేళ్ళదే.

మైకు సెట్లలో మాట స్పష్టంగా ఉండాలని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఎక్కువగా పెడతారు. అందువల్ల గిటారు యాంప్లిఫయర్ల కంటే ఇవి ఎక్కువసేపు శుభ్రంగా పలుకుతాయి, ఆలస్యంగా బరువెక్కుతాయి. రాక్ పాటలకు ఇది కొంచెం లోటు. కీర్తనలకు, ఉద్యమ పాటలకు, డప్పు దరువుకు తోడుగా వాయించే తీగలకు ఇదే మేలు. దరువు నిండుగా ఉన్నచోట గిటారు తక్కువ మీటాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో పడితే చిన్న ధ్వని కూడా వినిపిస్తుంది. వాట్లతో డప్పును గెలవాలని చూడవద్దు.

వాట్ల గురించి ఒక భ్రమ ఉంది. 15 వాట్లకంటే 30 వాట్లు రెండింతలు గట్టిగా వినపడుతుందని అనుకుంటారు. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కొంచెమే తేడా. రెండింతలు వినపడాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. కనుక మన హాస్టల్ హాలుకు, చిన్న చర్చికి 15 వాట్ల వాల్వు సెట్టు ధారాళంగా సరిపోతుంది. ఆరుబయట పెద్ద సభకైతే స్పీకరు ముందు ఒక మైకు పెట్టి అక్కడి సౌండు సిస్టమ్‌కు ఇవ్వండి.

రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా లౌడ్‌స్పీకర్లపై 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో ఆంక్ష ఉంది. పదవ తరగతి పరీక్షల రోజుల్లో అయితే నియమం లేకపోయినా మనమే ఆపాలి. పక్క గదిలో చదువుకునే తమ్ముడి రేపటి కంటే మన పాట పెద్దది కాదు.

మెకానిక్కు దగ్గర కూర్చోండి

మా సెట్టు బాగుచేసిన పెద్దాయన వయసు డెబ్బై దాటింది. వాల్వు సెట్ల పని తెలిసినవాళ్ళు ఇప్పుడు ప్రతి పట్నంలోనూ ఒకరిద్దరే మిగిలారు. వాళ్ళ పిల్లలు సెల్‌ఫోన్ అంగళ్ళు పెట్టుకున్నారు. ఈ విద్య పుస్తకాల్లో కొంతే ఉంది. ఎక్కడ వాసన చూడాలో, ఏ తీగను పెన్సిలుతో తట్టి వినాలో వాళ్ళ చేతుల్లోనే ఉంది. మన హాస్టల్ నుంచి ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు పోయే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. సెలవుల్లో నాలుగు రోజులు అలాంటి పెద్దాయన బల్ల పక్కన కూర్చోండి. టీ తెచ్చి ఇవ్వండి, టార్చి పట్టుకోండి, అడగండి. ట్రయోడ్ వంపు గీత పరీక్షలో గీసినప్పుడు రాని అర్థం అక్కడ వస్తుంది. పైగా అది చేతికి అన్నం పెట్టే పని. గిటారు వాయించేవాళ్ళు ఉన్నంతకాలం వాల్వు సెట్టు బాగుచేసేవాడికి బెంగళూరు, హైదరాబాదుల్లో పని ఉంటుంది.

ఒకప్పుడు ఊరిలో మైకు ఎవరి ఇంటి ముందు కట్టారో, ఎవరి చేతికి ఇచ్చారో మన పెద్దలకు తెలుసు. మైకు సెట్టు మోసింది మనవాళ్ళు, స్తంభమెక్కి హారన్ కట్టింది మనవాళ్ళు, మాట్లాడింది ఇంకొకరు. ఈరోజు ఆ సెట్టే మన చేతిలో ఉంది. దాని పేరు ఎవరికీ తెలియకపోయినా ఫరవాలేదు. దానిలోనుంచి వచ్చే పాట మనది. అది బాగుండాలంటే పెట్టె బాగుండాలి, ఎర్తు బాగుండాలి, చేయి సాధనలో ఉండాలి.

మా సెట్టును హాస్టల్ కార్యక్రమాలకు ఎప్పుడు అడిగినా తెచ్చి ఇస్తాం. అద్దె లేదు. పెట్టె మీద అతికించిన నాలుగు మాటలు పాటిస్తే చాలు: స్పీకరు తగిలించకుండా వేయరాదు. ఎర్తు లేని సాకెట్‌లో పెట్టరాదు. వెనక పలక తీయరాదు. వాయించడం అయ్యాక చల్లారే దాకా కదిలించరాదు.

– పూర్వ విద్యార్థులు, పత్తికొండ